నాలుగుంబావుకి పాప లేస్తుంది, నాలుగున్నరకి మేం బయలుదేరతాం

నాకు విజయవాడ ఆటోనగర్‌లో కార్ల స్పేర్ పార్టుల షాపుంది. సెలవు ఆదివారం ఒక్కరోజే. మా ఆవిడ తెనాలి పుట్టింట్లో పురుడు పోసుకుని, అయిదో నెలలో పాపని తీసుకుని సత్యనారాయణపురం వచ్చింది. అన్ని నెలలు నాలుగు గోడల మధ్యే ఉన్న మనిషి. నది గాలి పీల్చాలని ఉందంది. నాకూ ముగ్గురం కలిసి బయటికి వెళ్ళాలని అంతే ఆశగా ఉంది. కానీ మొదటిసారే దెబ్బతిన్నాం.

నవంబరు చివరి ఆదివారం భవానీ ద్వీపం వెళదామని పున్నమి ఘాట్‌కి చేరేసరికి పదకొండయింది. రెండు పెద్ద బ్యాగులు, భుజం మీద పాప, ముందు జనం. పాప అందుకున్న ఏడుపు అరగంట ఆగలేదు. పాలిస్తే తాగలేదు, ఆడిస్తే ఆడలేదు. టికెట్టు కూడా కొనకుండా వెనక్కి వచ్చేశాం. దారిలో మా ఆవిడ ఒకటే మాట అంది: "పదకొండింటికి పాప పడుకుంటుందండీ. పడుకునే పిల్లని తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టాం."

మర్నాడు షాపులో ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో గళ్ళు గీశాను. ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి పాలు తాగింది, ఎప్పుడు విసుగు మొదలైంది, ఎప్పుడు నిద్రపోయింది అని మా ఆవిడ ఫోన్లో చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి లెక్క తేలింది. మధ్యాహ్నం నిద్ర నుంచి నాలుగుంబావుకి లేస్తుంది. పాలు తాగాక రెండు గంటలపాటు మహా హుషారు. ఆరున్నర దాటితే కళ్ళు నలుపుకోవడం మొదలు. అంటే బయట తిరగడానికి మాకున్నది ఆ రెండు గంటలే. ఎక్కడికి వెళ్ళాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. మీరూ ఒక వారం ఇలా రాసి చూడండి. మీ బిడ్డ హుషారు వేళ పొద్దున ఏడింటికి కావచ్చు, అప్పుడు మీ షికార్లు పొద్దున్నే పెట్టుకోండి. పిల్ల పెరిగేకొద్దీ ఈ వేళలు మారతాయి కాబట్టి నెలకోసారి మళ్ళీ రాయాలి.

దగ్గరి చోట్లతో మొదలుపెట్టండి

ఆ తర్వాతి ఆదివారం ప్రకాశం బ్యారేజీకి వెళ్ళాం. ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. ఏడుపు మొదలైతే ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఇంట్లో ఉంటామన్న ధైర్యంతో టెన్షన్ సగం తగ్గింది. బ్యారేజీ మీద బళ్ళ హారన్లు, పొగ ఎక్కువ. అందుకే దాటి సీతానగరం వైపు ఒడ్డున కూర్చున్నాం. పాప నీళ్ళ మీద కొంగల్ని చూసి కాళ్ళు ఆడించింది. మా ఆవిడ ఒక గంటసేపు ఏమీ మోయకుండా, ఎవరికీ ఏమీ అందించకుండా కూర్చుంది. ఆ గంట పాపని నేనే ఎత్తుకున్నాను. తండ్రులకు నా మనవి ఇది: బ్యాగు, బిడ్డ రెండూ తల్లి మీదే వేస్తే ఆమెకి అది షికారు కాదు, ఇంటి పనే వేరే చోట చేసినట్టు.

భవానీ ద్వీపానికి మాత్రం పాపకి ఏడాది నిండేదాకా మళ్ళీ వెళ్ళలేదు. పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్ చంటిపిల్లకి సరిపోదు, మెడ పక్కనుంచి జారిపోతుంది. బిడ్డ కొలతకి సరిపోయే జాకెట్ ఉంటేనే బోటు ఎక్కండి. లేకపోతే ఒడ్డు నుంచి చూసే నది కూడా అందంగానే ఉంటుంది. ఎగువన వరదొచ్చి బ్యారేజీ గేట్లెత్తిన రోజుల్లో బోట్లు ఆపేస్తారు. అలాంటప్పుడు ఘాట్ల వైపు కూడా వెళ్ళొద్దు.

ఆరో నెలలో ఉండవల్లి గుహలకి వెళ్ళాం. చక్రాల బండి అక్కడ పనికిరాదు, అన్నీ మెట్లే. బిడ్డని ఒంటికి కట్టుకునే క్యారియర్ కావాలి. దాన్ని కొనేటప్పుడు ధర కంటే ముందు మూడు విషయాలు చూడండి. బిడ్డ గడ్డం గుండెలకి ఆనుకుపోకూడదు, ఆనితే ఊపిరి కష్టమవుతుంది. తల దించితే బిడ్డ ముఖం మీకు కనపడాలి. మోకాళ్ళు పిరుదుల కంటే కొంచెం ఎత్తులో ఉండి, తొడల కింద గుడ్డ ఆసరా ఉండాలి, కాళ్ళు వేలాడకూడదు. పై అంతస్తులో రాతిలో తొలిచిన అనంతపద్మనాభస్వామి శయనమూర్తి దగ్గర చీకటిగా, చల్లగా ఉంటుంది. అక్కడ పాప గొంతు చించుకుని కేక పెట్టి, గోడల నుంచి తిరిగొచ్చిన తన కేకే విని నిశ్శబ్దమైపోయింది. తర్వాత ముందున్న పచ్చికలో పాత నూలు చీర పరిచి పడుకోబెట్టాం.

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి పాపని మామూలు రోజు పొద్దున్నే తీసుకెళ్ళాం. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు చంటిపిల్లల్ని ఆ రద్దీలోకి తీసుకెళ్ళొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

బండి సంగతి

ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి వివరంగా చెప్తాను. టూవీలర్ మీద నాన్న, అమ్మ, మధ్యలో పసిబిడ్డ: మన బందరు రోడ్డు మీద రోజూ కనపడే దృశ్యం. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లని బండి మీద తీసుకెళ్తే, పిల్లని నడిపేవాళ్ళకి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లకి హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. నా మాటైతే ఏడాదిలోపు బిడ్డకి బండే వద్దు. దగ్గరికైతే ఆటో మేలు. బిడ్డని ఎత్తుకున్నవాళ్ళు అంచున కాకుండా మధ్యలో కూర్చోవాలి.

కారులో "ఒళ్ళో ఉందిగా, ఏం కాదు" అంటారు. ఏడు కిలోల బిడ్డ అయినా సరే, కారు ఒక్కసారిగా ఆగితే దానికి ఎన్నో రెట్ల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఎవరి చేతులూ ఆపలేవు. బేబీ సీటు కొనండి. వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక్కి ఉండేలా బిగించండి. పసిబిడ్డకి తల బరువు, మెడ బలహీనం. ఇలా కూర్చుంటే బ్రేకు పడ్డప్పుడు ఆ తాకిడిని సీటు వీపు తీసుకుంటుంది, మెడ మీద పడదు. ముందు సీట్లో ఎయిర్ బ్యాగ్ ఉన్న చోట ఇలాంటి సీటు ఎప్పుడూ పెట్టొద్దు. ఆ బ్యాగ్ విచ్చుకునే దెబ్బ నేరుగా బిడ్డకే తగులుతుంది. బిగించాక, బెల్టు వెళ్ళే చోట సీటుని పట్టుకుని ఊపి చూడండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్ళీ బిగించాలి. భుజం మీది పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు.

మన ఎండల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఎండలో నిలిపిన కారులో బెల్టు బకిల్ కాలిన అట్లకాడలా ఉంటుంది. మా పాపని కూర్చోబెట్టే ముందు నేను దాన్ని నా చేత్తో ముట్టుకుని చూస్తాను. దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి వెళ్తాను. బిడ్డని కారులో ఒంటరిగా రెండు నిమిషాలు కూడా వదలొద్దు, అద్దాలు కొంచెం దించినా సరే. దూరప్రయాణమైతే గంటన్నర, రెండు గంటలకోసారి ఆపి సీట్లోంచి తీసి ఎత్తుకోండి.

పాలు, తిండి, ఎండ

ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు, మంచినీళ్ళు కూడా. "ఎండలో గొంతు ఎండుతుందయ్యా, చెంచాడు నీళ్ళు పొయ్యి" అని మా అమ్మే అంది. పాలల్లో నీళ్ళే ఎక్కువమ్మా, ఇంకోసారి పట్టిద్దాం అని నచ్చజెప్పాను. ఎక్కడికి వెళ్ళినా ముందు పాలివ్వడానికి కాస్త మరుగైన చోటు చూడటం మా ఇంట్లో నా పని. పోతపాలైతే పొడి, మరిగించిన నీళ్ళు విడివిడిగా తీసుకెళ్ళి అప్పటికప్పుడు కలపండి. తాగగా మిగిలింది గంట తర్వాత పారబోయాల్సిందే.

ఆరు నెలలు దాటాక మాకు దారిలో ఆదుకున్నది చక్కెరకేళి. గిన్నె అక్కర్లేదు, తొక్కే మూత. చెంచాతో గీకి పెట్టడమే. ఇడ్లీ కూడా, చట్నీ లేకుండా, గోరువెచ్చని నీళ్ళతో మెదిపి పెట్టొచ్చు. ఏడాది నిండేదాకా తేనె మాత్రం నాకించొద్దు, అందులో ఉండగల బ్యాక్టీరియా పసిపిల్లలకి ప్రమాదం.

గుంటూరు జిల్లావాళ్ళం, మిరపకాయ బజ్జీ లేకుండా షికారు ఉండదు. కానీ తిన్నాక ఉత్త నీళ్ళతో చేతులు తడుపుకుంటే కారం పోదు. ఒకసారి ఆ చేత్తోనే పాప కంటి దగ్గర నలక తీశాను. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పటినుంచి సబ్బు బ్యాగులో ఉంటుంది, తిన్నవాళ్ళు కడుక్కున్నాకే పాపని ముట్టుకుంటారు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిలోపు, లేదా పొద్దుగూకాక. మధ్యలో వద్దు. ఆరు నెలల్లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ కంటే నీడ, ఒదులు నూలు బట్టలు, టోపీ మంచివి. చక్రాల బండి మీద దుప్పటి కప్పితే లోపల గాలాడక ఇంకా వేడెక్కుతుంది. బిడ్డకి ఉక్కపోస్తోందో లేదో మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, అరచేతులు చూస్తే తెలియదు. డైపర్ మామూలు కంటే తక్కువగా తడుస్తుంటే పాలు చాలడం లేదని అర్థం. నీరసంగా, పిలిచినా పలక్కుండా ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కొంచెం దూరం

జనవరిలో గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువుకి పొద్దున్నే వెళ్ళాం. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా. బైనాక్యులర్స్ పాపకి అక్కర్లేదు, ఆ అరుపులే చాలు. చెరువు కదా, దోమలుంటాయి. కాళ్ళు చేతులు కప్పే బట్టలు వేసి, పాప పడుకున్నప్పుడు వల కప్పాం.

ఫిబ్రవరిలో సూర్యలంక. బాపట్లదాకా రైల్లో వెళ్ళాం, దారిలో తెనాలి స్టేషన్లో అత్తయ్య గారు పెరుగన్నం డబ్బాతో ఎక్కారు. అయిదేళ్ళలోపు పిల్లలకి వేరే బెర్తు తీసుకోకపోతే రైల్లో టికెట్టు ఉండదు. సముద్రంలోకి పాపని దింపలేదు. తడి ఇసుక మీద పాదాలు ఆనించాం, అంతే. వేళ్ళు ముడుచుకుంది, మళ్ళీ చాపింది, మళ్ళీ ముడుచుకుంది. ఆ పది నిమిషాల కోసం ఎన్నిసార్లైనా బాపట్ల వెళ్తాను. ఉప్పుగాలికి చర్మం పొడిబారుతుంది కాబట్టి మంచినీళ్ళతో తుడిచి కొబ్బరినూనె రాశాం.

బ్యాగులో ఇప్పుడు మోసేది తక్కువే: గంటకో డైపర్ లెక్కన కాకుండా మూడు గంటలకొకటి, పైన రెండు అదనం, రెండు జతల బట్టలు, పాత నూలు చీర ముక్క (అదే పరుపు, చాటు, తువ్వాలు), వాడిన డైపర్లకి మూతి కట్టే కవర్లు, సబ్బు, డాక్టరు రాసిన జ్వరం మందు, మోతాదు రాసిన కాగితంతో సహా. మా ఆవిడకి ఒక కుర్తీ, నాకో చొక్కా కూడా. ఎందుకో చంటిపిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పాప ఇంకా నవ్వుతుండగానే తిరుగుముఖం పడతాం. ఇంటికొచ్చాక ఎంత అలసటైనా ఆ రాత్రే బ్యాగు ఖాళీ చేసి, తీసినవి తీసినట్టు మళ్ళీ సర్ది తలుపు పక్క కొక్కేనికి తగిలిస్తాను. ఇప్పుడు పాపకి ఏడాది నాలుగు నెలలు. ఆ బ్యాగు కొక్కెం మీంచి దిగితే చాలు, తనే చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెడుతుంది.