ఇంట్లో గొడవల వల్ల పిల్లల చదువు దెబ్బతినకుండా చూడటం ఎలా?

మార్కులు తగ్గగానే ట్యూషన్ పెట్టిస్తారు, ఫోన్ లాక్కుంటారు. 20 ఏళ్లుగా హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఎప్పుడూ ఇదే వరస. రాత్రంతా అమ్మానాన్నలు అరుచుకునే ఇంట్లో ట్యూషన్ ఏం చేస్తుంది? ఒకమ్మాయి నోట్సులో ఒకే లెక్క మూడుసార్లు మొదలుపెట్టింది, మూడుసార్లూ రెండో వరుసలోనే ఆగిపోయింది. లెక్క రాక కాదు. పక్కగదిలో గొంతు పెరిగినప్పుడల్లా చెవి అటే పోతుంది, మనసులో పట్టుకున్న అంకె జారిపోతుంది.

తేలికైనవి ముందు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, కాబట్టి పడుకునే వేళకు ఇల్లు సద్దుమణగాలి. క్లాస్ టీచరుకు "ఇంట్లో కాస్త ఇబ్బందిగా ఉంది" అని చెప్పండి, వివరాలు అక్కర్లేదు.

ఇక గొడవ తర్వాత పిల్లలతో మాట్లాడటం. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. కోపం చల్లారాక, మర్నాడే, వీలైతే ఇద్దరూ కలిసి చెప్పండి: "నిన్న మేం గొడవపడ్డాం. అది నీ వల్ల కాదు. మేమే చూసుకుంటాం, నువ్వు సర్దిచెప్పక్కర్లేదు." అంతే. గొడవ వాళ్ల ఫీజు గురించో మార్కుల గురించో అయితే రెండో మాట మరీ ముఖ్యం, ఎందుకంటే పిల్లలు తప్పంతా తమ మీదే వేసుకుంటారు.

"ఏం లేదు, నువ్వు చదువుకో" అనకండి. వాళ్లు అన్నీ విన్నారు. "మీ నాన్న సంగతి నీకు తెలుసుగా" అని అసలే అనకండి. "వెళ్లి మీ అమ్మకు చెప్పు" అంటూ మధ్యలో నడిపించకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే టీనేజ్ పిల్లలు బిగుసుకుపోతారు, పక్కపక్కన నడుస్తూనో బట్టలు మడతపెడుతూనో మాట్లాడాలి. "సరే" అని లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, వెంటపడకండి.

తలుపులేసుకుని గొడవపడితే చాలంటారు కొందరు. నేనొప్పుకోను. మాటలు మానేసుకున్నా పిల్లలకు తెలుస్తుంది. తగువు తీరితే ఎలా తీరిందో చెప్పండి, తెగని గొడవే వాళ్లను ఎక్కువ తినేస్తుంది.

కొట్టుకునేదాకా వస్తే మాత్రం ఇవేవీ పనిచేయవు. ముందు పిల్లల్ని క్షేమమైన చోటికి పంపి, బయటి సాయం తీసుకోండి. పిల్లలు బతకాలని లేదన్నా, ఒంటి మీద గాయాలు చేసుకుంటున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మార్కుల మాట రెండు వారాలయ్యాకే ఎత్తండి. అప్పుడైనా ఒకే సబ్జెక్టు, రోజుకు 20 నిమిషాలు, ఆగిపోయిన లెక్క దగ్గర్నుంచే.