జావా పల్లెలో తాతల నాటి మడికి హక్కుపత్రం: దరఖాస్తు విధానం

ఇండోనేషియాలోని మధ్య జావాలో యోగ్యకర్తకూ సొలోకూ నడుమ క్లాతెన్ జిల్లా ఉంది. అక్కడి దెలాంగు ప్రాంతంలో పండే రోజోలెలె బియ్యానికి మంచి పేరు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మడి ఎవరిదో ఊరందరికీ తెలుసు, పన్ను ఏటా కడుతూనే ఉంటారు. అయినా ఆ మడిని చూపించి బ్యాంకులో అప్పు తెద్దామంటే, అమ్ముదామంటే, ముందు ‘సెర్టిపికాట్’, అంటే హక్కుపత్రం, అడుగుతారు. అది ఇచ్చేది జాతీయ భూ సంస్థ బీపీఎన్ జిల్లా కార్యాలయం. పని మాత్రం సగానికి పైగా ఊళ్లోనే, గట్ల మీదే జరుగుతుంది. ఫారాలు నింపడం ఒక పూట పని. అన్నదమ్ముల చేత, గట్టు పక్కవాళ్ల చేత సంతకాలు పెట్టించుకోవడమే అసలు దరఖాస్తు.

చేతిలో ఉన్న కాగితం ఏమిటి?

చాలామంది చూపించేది ‘ఎస్‌పీపీటీ’ అనే పన్ను నోటీసు. అది పన్ను కాగితమే, హక్కుపత్రం కాదు. గిరిక్, పెతోక్ డి, లెటర్ సి అనేవి అంతకంటే పాతవి, అయితే అవీ భూమి పన్ను లెక్కల నుంచి పుట్టినవే. 1960 సెప్టెంబర్ 24న మూల భూచట్టం వచ్చాక హక్కు నిలిచేది రిజిస్ట్రేషన్ మీదే.

లెటర్ సి పుస్తకం గ్రామ కార్యాలయంలో ఉంటుంది. దాన్ని చూపించేది చారిక్, అంటే గ్రామ కార్యదర్శి. పాత పేరు మీద గీత కొట్టి, పక్కన వారసత్వమనో అమ్మకమనో, ఫలానా తేదీ అనో రాసి ఉంటుంది. పర్సిల్ (భూఖండం) నంబరు పక్కన ‘ఎస్’ ఉంటే నీటి మడి, ‘డి’ ఉంటే మెట్ట లేదా ఇంటి స్థలం. గీత కొట్టిన ప్రతి పేరుకూ ఎందుకు కొట్టారో వివరం ఉందా లేదా అని అక్కడే నిలబడి చూసుకోండి. వివరం లేని గీతే తర్వాత కొంపలు ముంచుతుంది.

2021 నాటి 18వ ప్రభుత్వ నిబంధన ఈ పాత కాగితాలున్న భూముల్ని నమోదు చేయించుకోవడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు తేదీ 2026 ఫిబ్రవరి 2. ఆ తేదీ దాటితే భూమిని సర్కారు లాక్కుంటుందని ఊళ్లలో పుకారు పుట్టింది. అది నిజం కాదు. గడువు తర్వాత పాత కాగితం హక్కుకు రుజువు కాదు గానీ, రిజిస్ట్రేషన్‌కు ఆధారసూచనగా పనికొస్తుంది. కాగితమే లేకపోయినా దారి ఉంది: 20 ఏళ్లు లేదా అంతకు మించి సద్భావంతో, ఎవరి అభ్యంతరమూ లేకుండా భూమిని అనుభవిస్తున్నట్టు నమ్మదగిన సాక్షుల చేత చెప్పించాలి. ఈ వెసులుబాటు 1997 నాటి 24వ నిబంధనలోనే ఉంది.

రెండు దారులు

ముందు గ్రామ కార్యాలయంలో ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడాది మన ఊరు పీటీఎస్‌ఎల్‌లో ఉందా? ఊరు ఊరంతా ఒకేసారి కొలిచి నమోదు చేసే పథకం అది, 2017 నుంచి నడుస్తోంది. ఉంటే కొలత, నమోదు ఖర్చు ప్రభుత్వానిదే. ఊరి స్థాయిలో కాగితాలకు, హద్దు రాళ్లకు, సిబ్బంది తిరుగుళ్లకు ముగ్గురు మంత్రుల ఉమ్మడి ఉత్తర్వు జావా, బాలిలకు 1,50,000 రూపియాలు నిర్ణయించింది. మన లెక్కలో దాదాపు ఎనిమిది వందల రూపాయలు. కొన్ని జిల్లాలు సొంత ఉత్తర్వులతో ఇంకొంత కలిపాయి కాబట్టి ఎవరైనా ఎక్కువ అడిగితే ఆ ఉత్తర్వు చూపించమనండి, కట్టినదానికి రసీదు తీసుకోండి.

ఊరు జాబితాలో లేకపోతే సొంతంగా జిల్లా కార్యాలయానికి వెళ్లాలి. అప్పుడు కొలత రుసుము, పరిశీలన రుసుము, నమోదు రుసుము మీరే కట్టాలి. మొదటి రెండూ విస్తీర్ణాన్ని బట్టి పెరుగుతాయి. తొందర లేనివాళ్లు పీటీఎస్‌ఎల్ కోసం ఆగడమే మేలని నా అభిప్రాయం. డబ్బు మిగలడం అటుంచి, పక్కవాళ్లంతా అదే పనిమీద ఉంటారు గనుక హద్దు దగ్గర అందరూ ఒకేసారి దొరుకుతారు.

రెండు దారుల్లోనూ అడిగే కాగితాలు దాదాపు ఒకటే: గుర్తింపు కార్డు, కుటుంబ కార్డు, ఆ ఏడాది ఎస్‌పీపీటీ, లెటర్ సి నకలు, భూమి చరిత్ర గురించి గ్రామ పెద్ద ఇచ్చే ధ్రువీకరణ, భూమి మీ స్వాధీనంలోనే ఉందనీ తగాదాలు లేవనీ మీరు సాక్షులతో ఇచ్చే వాంగ్మూలం. వాంగ్మూలం మీద 10,000 రూపియాల ముద్ర బిళ్ల అంటించి, సంతకం సగం దాని మీద పడేలా చేయాలి.

గట్టు దగ్గర

కొలతకు ముందే హద్దు రాళ్లు పాతాలి. దీనికోసమే 2023 ఫిబ్రవరిలో దేశమంతటా పది లక్షల రాళ్ల ఉద్యమం నడిపారు. రాయి పాతేటప్పుడు నాలుగు వైపుల వాళ్లూ అక్కడ ఉండి ఒప్పుకోవాలి. ఏటా నాట్లకు ముందు పలుగు పెట్టి గట్టును అవతలికి కాస్త చెక్కే అలవాటు జావాలోనూ ఉంది. పదేళ్లలో ఆ కాస్తా మూరెడు అవుతుంది. పాత లెక్కలు ‘ఊబిన్’లలో ఉంటాయి. ఒక ఊబిన్ సుమారు 14 చదరపు మీటర్లు, 500 ఊబిన్‌లు ఒక ‘బావు’. అంటే ముప్పాతిక హెక్టారుకు కొంచెం తక్కువ, మన లెక్కలో ఎకరం ముప్పావు. కొత్త కొలత పాత అంకెతో సరిగ్గా కలవదు. తేడా కొద్దిగా ఉంటే కొత్తదానికే ఒప్పుకుని సంతకం పెట్టడం తెలివైన పని.

అన్నదమ్ములు ఊళ్లో లేకపోతే

పొలం చనిపోయిన తండ్రి పేరుమీదే ఉంటే వారసుల పత్రం కావాలి. దానిమీద వారసులందరూ సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులుండాలి, గ్రామ పెద్ద, ఉప జిల్లా అధికారి చామత్ ధ్రువీకరించాలి. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి అనే ‘సెపికుల్ సెగెందోంగాన్’ పద్ధతి కొన్ని ఇళ్లలో ఉంది, మరికొన్ని ఇళ్లలో సమానంగా పంచుకుంటారు. ఏది ఒప్పుకున్నారో రాతలో ఉండాలి.

ఒకరు జకార్తా ఫ్యాక్టరీలో, ఒకరు హాంకాంగ్‌లో ఇంటిపనిలో ఉంటే అందరూ ఇల్లు చేరేది లెబరాన్ (రంజాన్) పండక్కే. కాబట్టి కాగితాలు పండగకు నెల ముందే తయారుగా ఉంచుకోండి. సెలవుల్లో కార్యాలయాలు మూసేస్తారు గానీ సంతకాలకు ఆ వారమే దిక్కు. విదేశంలో ఉన్నవారు అక్కడి ఇండోనేషియా కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అధికారపత్రం పంపవచ్చు. మీరే పట్నం నుంచి వచ్చి బంధువుల ఇంట్లో దిగితే 24 గంటల్లో వాడ పెద్ద ‘ఆర్‌టీ’కి చెప్పడం మరవకండి. రేపు మీ వాంగ్మూలానికి సాక్షి కావాల్సింది ఆయనే.

కాస్త అటూ ఇటూ ఉన్న సంగతి ఒకటి: వ్యవసాయ భూమి యజమాని అదే ఉప జిల్లాలో నివసించాలని 1961 నాటి 224వ నిబంధన చెబుతుంది. పక్క ఉప జిల్లాలో ఉండి సాగు చూసుకునే వీలున్నవారికి సడలింపు ఉంది. జకార్తా చిరునామా ఉన్న అన్న పేర మడి రాయించాలనుకుంటే ముందు ఇది అడిగి తెలుసుకోండి.

తాకట్టు పొలాల సంగతి వేరు. రొక్కానికి బదులు మడిని అవతలివాడికి సాగుకు అప్పగించే ‘సెందె’ పద్ధతి ఇంకా ఉంది. 1960 నాటి చట్టం ప్రకారం ఏడేళ్లు దాటిన తాకట్టు భూమిని పంట కోసిన నెలలోపు, డబ్బేమీ తీసుకోకుండా యజమానికి తిరిగి ఇచ్చేయాలి. సాగు చేస్తున్నది తానే కదా అని తాకట్టు పట్టినవాడు తన పేరుతో దరఖాస్తు పెట్టుకోవడం తగాదాలకు పెద్ద మూలం. మీ మడి అలా ఉంటే పీటీఎస్‌ఎల్ బృందం రాకముందే చారిక్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

ప్రకటన, పత్రం

పీటీఎస్‌ఎల్‌లో కొలతల వివరాలు గ్రామ కార్యాలయంలో 14 రోజులు అతికిస్తారు. అభ్యంతరం చెప్పాలంటే ఇదే సమయం. పత్రం వచ్చి ఐదేళ్లు గడిస్తే, సద్భావంతో భూమిని పొంది అనుభవిస్తున్న హక్కుదారు మీద దావా వేయడం కష్టం. ఆస్తి చేతికొచ్చినప్పుడు కట్టే పన్ను గరిష్ఠంగా 5 శాతం. ఒక పరిమితి లోపు విలువకు మినహాయింపు ఉంది, వారసత్వానికి ఆ పరిమితి ఇంకా ఎక్కువ. పీటీఎస్‌ఎల్‌లో ఈ పన్ను బాకీగా రాసి పత్రం ఇచ్చే వీలుంది, కానీ తర్వాత అమ్మబోయేటప్పుడు ఆ బాకీ తీరాల్సిందే.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ పత్రాలూ ఇస్తున్నారు. పేరు అక్షరాలు గుర్తింపు కార్డుతో సరిపోయాయా అని తీసుకునేటప్పుడే చూడండి.

జావా అమ్మాయిని పెళ్లాడిన తెలుగువారు గమనించాల్సింది: ‘హక్ మిలిక్’, అంటే భూమి మీద పూర్తి యాజమాన్య హక్కు, ఇండోనేషియా పౌరులకే. ఎవరి ఆస్తి వారిదే అనే ఒప్పందం లేకుండా పెళ్లయితే భార్య పేర కొన్న పొలంలో మీకూ వాటా కలుస్తుంది. అలా కలిసిన హక్కును ఏడాదిలోపు వదులుకోవాలి. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో ఆ ఒప్పందాన్ని పెళ్లయ్యాక కూడా రాసుకునే వీలు వచ్చింది.