వానాకాలంలో కీమో: తిండి, చూర్ణాల జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు చాలామంది విశాఖలోనో కటక్‌లోనో క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించుకుని ఇంటికొచ్చేస్తారు. అసలు జాగ్రత్త అక్కణ్ణించే మొదలు. చాలా కీమో మందులకు, రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయేది మందు ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య. అప్పటికి మనిషి ఇంట్లో ఉంటాడు, బయట బావినీళ్లు బురదెక్కి ఉంటాయి.

ముందు చద్దన్నం సంగతి. తరవాణి అన్నమైనా, పఖాళ అయినా ఆ రోజుల్లో వద్దు. వండిన అన్నం రాత్రంతా బయట ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి పెరగొచ్చు. అది వదిలే ఒక విషం మళ్లీ కాచినా పోదు. ఆరోగ్యవంతులకు రెండు వాంతులతో పోయేది వీళ్లను ఆసుపత్రి పాలు చేస్తుంది. చలవ చేస్తుందని పెద్దవాళ్లు ప్రేమగానే పెడతారు. ఆ ప్రేమతోనే అప్పటికప్పుడు కాచిన చోడి (రాగి) జావ పెట్టండి, పులియబెట్టిన అంబలి కాదు. వండినది రెండు గంటల్లో తినేయాలి. నీళ్లు తెర్లాక ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చాలి. బిందెలో గ్లాసు ముంచకూడదు. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. గుప్‌చుప్ (పానీపూరి), బజార్లో కోసి పెట్టిన పళ్లు ఆపేయండి.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకు ఇంకో మాట: కొద్దిరోజులపాటు ఫ్రిజ్ నీళ్లు, ఐస్ ముట్టొద్దు. చల్లదనానికి గొంతు పట్టేసి ఊపిరాడనట్టు అవుతుంది, వేళ్లు జివ్వుమంటాయి.

పంచదార, అన్నం మానేస్తే క్యాన్సర్ గడ్డ మాడిపోతుందన్న మాట నమ్మకండి. మాడేది కండ. మూత్రపిండాల జబ్బు లేకపోతే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90. రెండు గుడ్లు, అరలీటరు పాలు, ఒక పెద్ద గిన్నెడు పప్పు, 100 గ్రాముల చేప, గుప్పెడు వేరుశనగలు, రోజువారీ అన్నం కలిస్తే దాదాపు సరిపోతుంది. ఒకేసారి మింగుడు పడదు. రెండేసి గంటలకు కొంచెం కొంచెం పెట్టండి. నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టరుకు చెప్పాలి.

చూర్ణాల దగ్గర మరీ జాగ్రత్త. తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతింది. కీమో మందుల్లో చాలావాటిని అరిగించేది ఆ కాలేయమే. కూరలో పసుపు పరవాలేదు, పసుపు సారంతో చేసే కర్‌క్యూమిన్ బిళ్లలు వేరు. లక్ష్మణఫలం ఆకుల కషాయం ఎక్కువకాలం తాగితే నరాలకు చేటు. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. బలానికని వేసుకునే ఫోలిక్ యాసిడ్ కూడా కాపెసిటాబిన్ అనే కీమో బిళ్లతో కలిస్తే నోటిపూత, విరేచనాలు ముదురుతాయి. ఇమాటినిబ్ లాంటి క్యాన్సర్ బిళ్లలు మింగేవాళ్లు పంపరపనస తినేముందు డాక్టరును అడగాలి. సంతలో కొన్న పొట్లమైనా సరే డాక్టరుకు చూపించండి. దాని మీద ఒడియాలో ఉన్నది విశాఖ డాక్టరు చదవలేకపోవచ్చు, ఎవరిచేతనైనా తెలుగులో రాయించి పట్టుకెళ్లండి. ఆపరేషన్ ఉంటే ఇవన్నీ రెండు వారాల ముందే ఆపాలా అని అడిగి తెలుసుకోండి. వెల్లుల్లి, చేపనూనె క్యాప్సూళ్లు రక్తం గడ్డకట్టనివ్వకపోవచ్చు.

ఇంట్లో థర్మామీటరు ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, దాటినా పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, బిళ్లతో జ్వరం కనిపించకుండా పోతుంది గానీ లోపల ఇన్ఫెక్షన్ ఆగదు. అర్ధరాత్రైనా దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లి, కీమోలో ఉన్నారని మొదటిమాటగా చెప్పండి. డిశ్చార్జి కాగితాలు, రాత్రి వచ్చే బండివాడి నంబరు వానలకు ముందే ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు దగ్గర తగిలించండి.