మిడి ఫైల్‌తో బ్యాకింగ్ ట్రాక్ (పాట వెనక మోగే వాయిద్యాల ట్రాక్) చేసే ముందు

(మిడి ఫైల్లో ధ్వని ఉండదు, ఏ నోటు ఎప్పుడు మోగాలో చెప్పే సమాచారమే ఉంటుంది.)

- అసలు ఫైల్ జోలికి పోవద్దు, కాపీ మీదే పని చేయండి.
- వాయిద్యాల తోడు తానే కట్టే సాఫ్ట్‌వేర్ బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్‌లో తెరిచాక మెట్రోనోమ్ పెట్టి వినండి. క్లిక్ లేకుండా వాయించిన ఫైలైతే బార్లు (తాళం ఆవర్తాలు) కలవవు, కార్డులన్నీ (chords, కలిపి మోగే స్వరాల గుంపులు) గల్లంతే.
- సాఫ్ట్‌వేర్ చూపించిన కార్డుల్ని గుడ్డిగా నమ్మొద్దు. A మైనర్ సెవెన్ (Am7), C సిక్స్ (C6) రెండింటిలోనూ అవే నాలుగు స్వరాలు. బేస్ విని మీరే తేల్చుకోవాలి.
- శ్రుతి మార్చేటప్పుడు 10వ ఛానెల్‌ని వదిలేయండి, అది డ్రమ్స్‌ది. అక్కడ ఒక్కో నోటు నంబరుకి ఒక్కో డ్రమ్ము: కిక్ నోటు 36, స్నేర్ 38. రెండు మెట్లు (సెమిటోన్లు) పెంచితే కిక్ పడాల్సిన చోటల్లా స్నేర్ మోగుతుంది. (నేనూ చేశాను, రిహార్సల్లో అందరూ ఒకటే నవ్వు.)
- స్టైల్ (సాఫ్ట్‌వేర్ వాయించే రెడీమేడ్ తోడు) వేసే ముందు ఫైల్లోని పాత డ్రమ్స్, బేస్ మ్యూట్ చేయండి.
- స్టేజీకి మిడి కాదు, వేవ్ ఫైల్ (ధ్వనే రికార్డైన ఫైల్) తీసుకెళ్లండి. సింథ్ (మిడిని ధ్వనిగా మార్చేది) మారితే మిడి సౌండూ మారిపోతుంది.