వైకుంఠపాళితో కూడికలు: ఆట వస్తోంది, లెక్క రావట్లేదంటే

రెండో తరగతి లెక్కలకు వైకుంఠపాళి బాగా పనికొస్తుంది. బజారు పటాన్ని ఉన్నదున్నట్టు వాడితేనే చిక్కు.

సమస్య: కాయ సరిగ్గా జరుపుతారు, 27కి 5 కలిపితే ఎంతంటే చెప్పలేరు

కారణం: పందెం 5 పడగానే "ఒకటి, రెండు, మూడు..." అంటూ గడులు దాటేస్తారు. గడిలో ఏ సంఖ్య ఉందో చూసే అవసరమే రాదు. అయిదు దాకా లెక్కపెట్టడం వాళ్లకు ఎప్పుడో వచ్చు!

పరిష్కారం: కాయ ముట్టుకోకముందే "27కి 5 కలిపితే 32" అని పైకి చెప్పాలి. తప్పు చెబితే గడుల్లోని సంఖ్యలే చదువుతూ జరపాలి: 28, 29, 30, 31, 32. ఆ వంతుకు నిచ్చెన మాత్రం ఉండదు. పందెమే పోయిందనకండి, లెక్క రాని పిల్లలకే సాధన తగ్గిపోతుంది.

సమస్య: పది కలపమంటే తడబడతారు

కారణం పటంలోనే ఉంది. మామూలు పటంలో ఒక వరుస ఎడమ నుంచి కుడికి, పై వరుస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. 27 ఏడో నిలువు వరుసలో ఉంటే 37 నాలుగో దాంట్లో పడుతుంది.

పరిష్కారం: చార్టు మీద మీరే గీయండి. అడుగు నుంచి పైకి పది వరుసలు, అన్నీ ఎడమ నుంచి కుడికే. అప్పుడు 27కి సరిగ్గా నెత్తిన 37, దాని పైన 47. వరుస చివర 30 నుంచి 31కి బాణం గుర్తు వేయండి, లేకపోతే మొదట్లో దారి తప్పుతారు.

సమస్య: లెక్క వచ్చినా రాకపోయినా ఒకటే, అంతా అదృష్టం

అదృష్టం కొంత ఉండాల్సిందే, వెనకబడ్డవాళ్లను ఆటలో నిలిపేది అదే. ఎంచుకునే వీలు లేకపోవడమే లోపం. రెండు పాచికలివ్వండి, వాటిని కూడాలా, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలా అన్నది పిల్లల ఇష్టం. కాయ 46లో ఉంది, 6, 2 పడ్డాయి, 54లో పాము నోరుంది. కూడితే పాము నోట్లోకి, తీసేస్తే 50కి. పాము తప్పించుకోవడానికి రెండు లెక్కలూ చేసి తీరాలి.

సమస్య: గోల, గంట కొట్టినా ఆట తేలదు

పటానికి ఆరుగురుంటే వంతు రాక అల్లరి మొదలవుతుంది. ముగ్గురు చాలు, ఒకరు ఆడుతుంటే పక్కవాళ్లు సరిచూడాలి. పాచికలను అట్టపెట్టె మూతలో వేయించండి, గదంతా దొర్లవు. 100 చేరేదాకా ఆగకుండా 20 నిమిషాలకు ఆపేసి, ముందున్నవాళ్లే గెలిచారనండి. తర్వాత ఒక్కొక్కరు తమ పందేల్లో మూడింటిని పలక మీద కూడికలుగా రాయాలి. రాయలేకపోతే ఆ గుంపులో మళ్లీ "ఒకటి, రెండు, మూడు" నడుస్తోందన్నమాట.