చవక ఫ్లైట్ టికెట్ బుక్ చేసేముందు ఇది చూస్కోండి

గన్నవరం నుంచి ఫ్లైట్ బుక్ చేసేవాళ్ళు మొదట కనపడే రేటు చూసి వెంటనే నొక్కెయ్యకండి, పేమెంట్ పేజీ దాకా వెళ్ళి అక్కడొచ్చే టోటల్‌నే పక్క ఎయిర్‌లైన్‌తో పోల్చండి. సీటుకి, భోజనానికి, కన్వీనియన్స్ ఫీజుకి అన్నిటికీ విడివిడిగా కలుపుకుంటూ పోతారు.

అసలు దెబ్బ లగేజీ దగ్గర. కొన్నిట్లో అన్నిటికంటే తక్కువ రేటు అంటే చేతిలో 7 కిలోల బ్యాగ్ ఒక్కటే, చెకిన్ బ్యాగ్ (కౌంటర్ దగ్గర ఇచ్చేసే లగేజీ) ఉండదు. మన గుంటూరు, బెజవాడ వాళ్ళం పచ్చడి డబ్బా, కారం ప్యాకెట్ లేకుండా పిల్లల దగ్గరికి వెళ్తామా! అవి చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, చెకిన్‌లోనే వెయ్యాలి. మా అక్క మొన్న బెంగుళూరు వెళ్తుంటే 15 కిలోలకి 4 కిలోలు ఎక్కువొచ్చింది, కౌంటర్ దగ్గర కిలోకి 500 పైనే కట్టించుకున్నారు, టికెట్‌లో మిగిలిందంతా ఆవకాయ జాడీకే పోయింది పాపం. అందుకే ఇంట్లోనే తూకం వేసుకుని, ఎక్కువుంటే ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, కౌంటర్ రేటు కంటే తక్కువ పడుతుంది.

సీటు ఎక్కడైనా పర్లేదంటే డబ్బు కట్టి సీటు ఎంచుకోవాల్సిన పన్లేదు, స్కిప్ కొట్టండి, వాళ్ళే ఏదో ఒకటి ఇస్తారు.

ఇంకోటి, నాన్ రిఫండబుల్ టికెట్ క్యాన్సిల్ చేసినా, అసలు వెళ్ళలేకపోయినా ఎయిర్‌పోర్ట్ యూజర్ ఫీజు లాంటివి తిరిగివ్వాలని డీజీసీఏ (విమానాల మీద నియంత్రణ ఉండే ప్రభుత్వ సంస్థ) రూలుంది, వదిలేయకుండా అడగండి.