తోలు హ్యాండ్‌బ్యాగు పాడైతే: చెన్నై ఇళ్లలో కనిపించే లక్షణాలు, కారణాలు, చేయాల్సిన పని

చెన్నైలో తోలు బ్యాగు కాస్త కళ తప్పగానే ఇంట్లో మొదట వినపడే సలహా కొబ్బరినూనె. తోలు ఎండిపోయింది, నూనె తాగితే కోలుకుంటుంది అని లెక్క. చుట్టూ ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో తోళ్ల పరిశ్రమ, అడయార్‌లో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్న ఊరిలో కూడా ఈ సలహాయే చెల్లుబాటవుతోంది. కానీ సముద్రం పక్కన, గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండే ఈ ఊళ్లో తోలు ఎండి పాడవడం తక్కువ. తడిసి, బూజు పట్టి, చెమట తాగి పాడవడమే ఎక్కువ. అలాంటి బ్యాగుకు నూనె పెడితే జబ్బు ముదురుతుంది. అందుకే వరస ఇది: ముందు ఆరబెట్టాలి, తర్వాత తుడవాలి, ఆ తర్వాత కుట్టో అతుకో రంగో చూసుకోవాలి. నూనె, తోలు క్రీమ్ (కండిషనర్) అన్నిటికన్నా చివర.

ముందు అది తోలేనా?

జిప్ పక్కన గానీ లోపలి జేబు అంచున గానీ కోసిన భాగం ఎక్కడైనా బయటికి కనిపిస్తుంది. అక్కడ వెనక వైపు పీచుపీచుగా, కాస్త నూగుగా ఉంటే తోలు. అల్లిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్. రెక్సిన్ పైపొర పొట్టులా రాలుతుంటే దానికి మందు లేదు. ఆ పొర ప్లాస్టిక్ జాతిది, చెమ్మకు, వేడికి లోపలినుంచే విరిగిపోతుంది. ఏ క్రీమూ దాన్ని వెనక్కి తీసుకురాదు. డబ్బు, ఓపిక దాని మీద పెట్టకండి.

తోలే అయితే అడుగున, ఎవరికీ కనిపించని మూల ఒక్క నీటి చుక్క వేయండి. నిమిషంలో ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే అది పైపూత లేని తోలు. దేన్నయినా తాగేస్తుంది, మరకా తొందరగా పడుతుంది. చుక్క పూసలా నిలబడితే పైన రంగుపూత ఉందని అర్థం. ఆఫీసుకు తీసుకెళ్లే బ్యాగుల్లో ఎక్కువ ఈ రెండో రకమే. నూగు పైకి ఉండే స్వెడ్ బ్యాగులకు ఈ వ్యాసంలో చెప్పే తడి పనులేవీ పనికిరావు. పొడి బ్రష్, పెన్సిల్ చెరిపే రబ్బరు, అంతే.

బీరువాలోంచి తీస్తే తెల్లటి పొర

ఈ ఫిర్యాదు డిసెంబరు వానలు తగ్గాక ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అందరూ బూజే అనుకుంటారు. నిజానికి మూడు వేర్వేరు విషయాలు తెల్లగా కనిపిస్తాయి, మూడింటికీ చికిత్స వేరు.

హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి కొద్ది సెకన్లు గాలి తగలనివ్వండి. తెల్లదనం కరిగి మాయమైతే అది కొవ్వు. తోలు తయారీలో పట్టించిన నూనెలు, లేదా మనం ఇంట్లో పూసిన నూనెలు, చల్లబడినప్పుడు పైకి తేలి గడ్డకట్టాయన్నమాట. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. బయట గదిలో ద్రవంగా ఉన్న నూనె, రాత్రంతా ఏసీ నడిచే పడకగదిలోని బీరువాలో తెల్లటి పూతగా మారడానికి ఇంకేం కావాలి? దీనికి భయం అక్కర్లేదు. గోరువెచ్చటి గాలి తగిలించి, మెత్తని పొడిగుడ్డతో తుడవండి. రెండు మూడుసార్లు చేస్తే పోతుంది. ఆ బ్యాగుకు కొన్ని నెలలపాటు ఏ నూనే పెట్టకండి.

వేడికి కదలకుండా ఉండి, చుక్కచుక్కలుగా, గుండ్రంగా, కుట్ల వెంటా మడతల్లోనూ దట్టంగా ఉంటే, పాత పుస్తకాల వాసన వేస్తుంటే అది బూజు. బ్యాగును బాల్కనీలోకో డాబా మీదకో తీసుకెళ్లి, ముక్కుకు మాస్క్ పెట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. ఇంట్లో దులిపితే ఆ పొడి పక్క బ్యాగు మీద వాలుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి, ఆ చెమ్మగుడ్డతో తుడవండి. ఆల్కహాల్ కొన్ని రంగులను లేపుతుంది కాబట్టి ముందు అడుగున ఒకచోట రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆగిపోండి, పొడిగా దులపడంతో సరిపెట్టుకోండి. లోపలి లైనింగ్‌ను బయటికి లాగి అదీ తుడవాలి, చాలామంది ఇది మర్చిపోతారు. ఒకరోజంతా ఫ్యాను కింద ఆరాకే క్రీమ్ గురించి ఆలోచించండి. బూజు పూర్తిగా పోకముందు క్రీమ్ రాస్తే దానికి తిండి పెట్టినట్టే.

మూడోది ఉప్పు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆరగానే మళ్లీ గీతలా వస్తుంది. వాన నీళ్లో చెమటో తోలు లోపలి లవణాలను అంచుకు తోసుకొచ్చింది. శుభ్రమైన నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ఆ మరక ఒక్కటే కాకుండా ఆ పలక మొత్తం, కుట్టు నుంచి కుట్టు దాకా, సమంగా తుడవండి. మరక మీదే రుద్దితే దాని చుట్టూ కొత్త గీత తయారవుతుంది.

వానలో నానిన బ్యాగు

వేళచ్చేరి నుంచి స్కూటర్ మీద వచ్చేసరికి నానిపోయిందా, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నాటిలా ఇంట్లోకే నీళ్లొచ్చాయా, మొదటి గంటలో చేసే పనే బ్యాగును నిలబెడుతుంది. తడి తోలుకు వేడి తగిలితే పీచు ముడుచుకుపోతుంది, ఆ ముడత మళ్లీ విప్పుకోదు. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఫ్రిజ్ వెనక వెచ్చదనమూ వద్దు.

ఖాళీ చేసి, నొక్కి నొక్కి నీళ్లు అద్దండి, రుద్దకండి. లోపల పాత నూలు చీర ముక్కలు కూరి బ్యాగు అసలు ఆకారానికి తెండి. న్యూస్‌పేపరు కూరితే లేతరంగు లైనింగ్‌కు సిరా అంటుతుంది. గుడ్డలు తడిసినప్పుడల్లా మార్చాలి. నీడలో, ఫ్యాను గాలికి, రెండు మూడు రోజులు పడుతుంది. వరద నీటిలో మునిగినదైతే ఆరబెట్టే ముందు మంచినీళ్ల గుడ్డతో లోపలా బయటా బురద తుడవాలి. ఆరాక వానలో నానిన తోలు కాస్త బిరుసుగా ఉంటుంది. క్రీమ్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఇదే.

పట్టీ జిగటగా, నల్లగా

చేతి చెమట, తలనూనె, హ్యాండ్ క్రీమ్ కలిసి పట్టుకునే చోట పేరుకుంటాయి. కోవిడ్ కాలం నుంచి ఇంకొకటి తోడైంది: శానిటైజర్. అందులో సాధారణంగా 60 శాతానికి పైగా ఆల్కహాలే ఉంటుంది. చేతులు ఆరకముందే బ్యాగు పట్టుకుంటే పైపూత మెత్తబడి బంకలా అవుతుంది.

పొడిగుడ్డతో రుద్ది చూడండి. జిగట గుడ్డకు నల్లగా వచ్చేస్తుంటే అది మురికి. తోలు క్లీనర్ నురగను గుడ్డ మీద తీసుకుని తుడిస్తే రెండు మూడు విడతల్లో పోతుంది. గిన్నెల సబ్బు, బట్టల సోడా, తడి వైప్స్ జోలికి పోవద్దు. తోలుది కాస్త ఆమ్లగుణం, సబ్బుది క్షారగుణం. ఒకసారికి శుభ్రంగానే కనిపిస్తుంది, కొన్ని నెలలకు అక్కడే పగుళ్లు మొదలవుతాయి. మురికి పోయాక కూడా జిగట ఉంటే పూతే కరిగిందని అర్థం. దాన్ని ఇంట్లో బాగుచేయలేం. పట్టీకి సన్నటి తోలు చుట్టించుకోవడమో, పట్టీ మార్పించుకోవడమో మిగులుతుంది.

నల్ల చుక్కలు, లోపల పిన్నీసు

లేత గోధుమరంగు బ్యాగు మీద ఉన్నట్టుండి నల్లటి చుక్కలు వస్తే జేబులో పిన్నీసులు, హెయిర్ పిన్నులు వెతకండి. తంగేడు చెక్కలాంటి వాటితో పదును చేసిన తోలులో టానిన్ అనే పదార్థం ఉంటుంది. చెమ్మలో తుప్పుపట్టిన ఇనుము దానికి తగిలితే నల్లబడుతుంది, పాతకాలం సిరా తయారైంది కూడా టానిన్, ఇనుము కలిసే. మన ఆడవాళ్ల బ్యాగుల్లో పిన్నీసు లేని బ్యాగు ఉండదు కాబట్టి ఇది తరచూ చూసే మరకే. నిమ్మరసంలో సగం నీళ్లు కలిపి, దూదితో చుక్క మీద అద్ది, రంగు తగ్గగానే మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిచేయాలి. ముందు చాటుగా ఒకచోట పరీక్షించాలి. నిమ్మకాయకు తోలు దగ్గర ఈ ఒక్క పనే ఉంది. మిగతా మరకలకు వాడితే పీచును తింటుంది. ఇకపై పిన్నీసులు చిన్న డబ్బాలో పెట్టుకోండి.

టిఫిన్ డబ్బాలోంచి ఆవకాయ నూనె కారితే నీళ్లు తగలనివ్వకండి. అద్ది తీసేసి, మొక్కజొన్న పిండిగానీ టాల్కం పౌడరుగానీ మందంగా చల్లి రాత్రంతా వదిలి, పొద్దున దులపండి. ఎర్రగా మిగిలే కారం రంగు పూర్తిగా పోదు.

మూలలు గీరుకుపోయి రంగు పోతే

షూ పాలిష్ పూయడం అలవాటు. అది తోలు మీద నిలవదు. ఎండలో నడిచిన గంటకే పట్టుచీర నడుము దగ్గర అదే రంగు కనిపిస్తుంది. దానికి బదులు 600 నంబరు సాండ్‌పేపరుతో పొరలు లేచిన చోటును చాలా తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్ గుడ్డతో జిడ్డు తీసి, తోలు కోసం వచ్చే యాక్రిలిక్ రంగును స్పాంజి ముక్కతో పలచగా అద్దండి. పలచటి పూతలు మూడు నాలుగు, ప్రతిసారీ ఆరనిచ్చి. చివర పారదర్శక ఫినిష్ ఒక పూత. రంగు సరిగ్గా కలవకపోతే ఒక పిసరు ముదురుగా ఉండటం మంచిది, లేతగా ఉంటే దూరం నుంచే తెలుస్తుంది. పట్టీ అంచుల్లో రబ్బరులాంటి రంగు చిట్లి ఊడుతుంటే పాతది పూర్తిగా గీకి, నునుపు చేశాకే కొత్తది వేయాలి. పాతదాని మీద వేసింది దానితోపాటే ఊడుతుంది.

కుట్టు ఊడటం

ఇది ఇంట్లో చేసుకోగల పనుల్లో అన్నిటికన్నా తృప్తినిచ్చేది. మామూలు నూలు దారం చెమటకు కుళ్లుతుంది. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లది, మొన మొద్దుగా ఉండే రెండు సూదులు తీసుకోండి. పెరియమేట్‌లో తోలు, దారం, బకిల్స్, జిగురు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి, అక్కడ దొరుకుతాయి.

ఊడిన పొడవుకు నాలుగైదు రెట్లు దారం కోసి రెండు కొసలకూ చెరో సూది ఎక్కించండి. కొత్త రంధ్రాలు చేయొద్దు, తోలు చిల్లుల కాగితంలా అక్కడ చిరుగుతుంది. గట్టిగా ఉన్న పాత కుట్టులో మూడు రంధ్రాలు వెనక నుంచి మొదలుపెట్టండి. మొదటి రంధ్రంలో దారం సగానికి లాగండి. ఆ తర్వాత ప్రతి రంధ్రంలోనూ ఎడమ సూది ఒక వైపు నుంచి, కుడి సూది అవతలి నుంచి అదే రంధ్రంలోకి. రెండు కొసలనూ ఒకే బలంతో లాగాలి. ఇలా కుట్టినది ఒకచోట తెగినా మొత్తం జారిపోదు, మిషన్ కుట్టుకు లేని బలం ఇదే. చివర రెండు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం కత్తిరించి, కొసను లైటర్ మంటకు క్షణం చూపిస్తే కరిగి ముడిలా నిలుస్తుంది.

అతికించాల్సిన చోట వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్ కాదు, ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు కావాలి. రెండు వైపులా పలచగా రాసి, వేలికి అంటకుండా అయ్యేదాకా పది నిమిషాలు ఆగి, అప్పుడు గట్టిగా నొక్కండి. సూపర్ గ్లూ గాజులా గట్టిపడి, తోలు వంగినప్పుడు పక్కనే కొత్త చీలిక తెస్తుంది.

భుజం పట్టీ రింగు దగ్గర చిరిగితే మాత్రం జిగురు, చేతికుట్టు రెండూ చాలవు. నీళ్ల సీసా, ఛార్జరు, డబ్బా మొత్తం బరువు అక్కడే వేలాడుతుంది. కొత్త తోలు ముక్క వేసి రివిట్ కొట్టించాలి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పది నిమిషాల పని, బేరమాడకుండా ఇవ్వండి.

జిప్ రన్నర్ వెళ్లిన వెనక పళ్లు విడిపోతుంటే రన్నర్ అరిగి వదులైంది. కటింగ్ ప్లేయరుతో రెండు పక్కలా కొంచెం కొంచెంగా నొక్కండి, అప్పటికీ పట్టకపోతే రన్నర్ మార్చాలి. దాని వెనక ఉన్న నంబరు చూసి అదే కొనండి. బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క పళ్ల మీద రుద్దితే చాలు.

చివరికి క్రీమ్

తుడిచి, ఆరబెట్టి, కుట్టిన తర్వాత కూడా తోలు వంచితే బిరుసుగా, సన్న గీతలు పడుతుంటేనే. బఠానీగింజంత కండిషనర్ గుడ్డ మీద తీసుకోండి, నేరుగా బ్యాగు మీద వేయొద్దు. గుండ్రంగా పలచగా రాసి, అరగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. తాకితే జారుడుగా ఉందంటే ఎక్కువైంది. పైపూత ఉన్న బ్యాగుకు ఏడాదికి ఒకసారి సరిపోతుంది, పూత లేనిదానికి రెండుసార్లు. జనవరి, ఫిబ్రవరిల్లో గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు చేయడం మేలు. లోతుగా పగిలి పీచు బయటపడితే క్రీమ్ దాన్ని కలపలేదు. పగులు పెరగకుండా ఆపుతుంది, అంతవరకే.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నూలు దిండు గలీబులో పెట్టండి, లోపల గుడ్డలు కూరి నిలబెట్టండి. సిలికా జెల్ పొట్లాలు పెట్టేవాళ్లు వాటిని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. రంగు మారే రకం కొనుక్కుంటే, నీలం గులాబీ అయినప్పుడో నారింజ ఆకుపచ్చ అయినప్పుడో చెమ్మతో నిండిందని తెలుస్తుంది. గింజలను పొట్లంలోంచి తీసి, వంటకు వాడని పాత పళ్లెంలో, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రంగు వెనక్కి వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. అక్టోబరు వానలు మొదలవ్వకముందు ఒకసారి, జనవరిలో ఒకసారి చూసుకోండి.